లెక్క సరిపోతే సరిపోతుందా?

 

మాకు వచ్చే ధర్మసందేహాలలో ఎక్కువ భాగం నమాజు, జకాత్, నికాహ్, వారసత్వాలకు సంబంధించినవే ఉంటాయి. కాని ఈమధ్య అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం నుండి ఒక సోదరుడు రాసిన ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. ఆ సోదరుడిది గుంటూరు జిల్లా. ఉద్యోగరీత్యా అక్కడ స్థిరపడ్డాడు. అతని ప్రశ్న సముద్రపు ఒడ్డున ఏరుకునే గుల్లల గురించి. చూడటానికి చాలా చిన్న విషయం. కాని చిన్న విషయాల్లోనే మన ఈమాన్ ఎంతటిదో తెలిసిపోతుంది.

జరిగిన సంగతి

వాషింగ్టన్ రాష్ట్రపు పసిఫిక్ తీరంలో ‘రేజర్ క్లామ్’ అనే ఒక రకం గుల్లలు దొరుకుతాయి. పొడవుగా, సన్నగా, గోధుమరంగు చిప్పతో ఉంటాయి. ఆటు సమయంలో నీరు వెనక్కి పోయినప్పుడు తడి ఇసుకలో చిన్న గుంట కనిపిస్తుంది. అక్కడ పారతో గాని, గొట్టంతో గాని చకచకా తవ్వాలి. ఆలస్యమైతే గుల్ల ఇసుక లోతుల్లోకి దిగిపోతుంది. అక్కడివారికి ఇదొక సరదా. ప్రభుత్వం ప్రకటించిన రోజుల్లో కుటుంబాలు కుటుంబాలే తీరానికి తరలివెళతాయి. శీతాకాలంలో అనువైన ఆటు సాయంత్రం వేళ, చీకటి పడ్డాక వస్తుంది కనుక లాంతర్లు పట్టుకుని తవ్వుతారు.

దీనికి నియమాలున్నాయి. పదిహేనేళ్లు, ఆపైబడిన ప్రతి వ్యక్తికి లైసెన్సు ఉండాలి. సాధారణంగా ఒక మనిషికి రోజుకు 15 మాత్రమే. ఎవరి గుల్లలు వారే తవ్వుకోవాలి, ఎవరి సంచి వారికే ఉండాలి. వైకల్యం వల్ల తవ్వలేనివారికి మాత్రం ప్రత్యేక అనుమతిపై మరొకరు తవ్విపెట్టవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. మొదట చేతికి వచ్చిన 15నే ఉంచుకోవాలి. చిన్నదైనా, పగిలినదైనా పారేసి మరొకటి తవ్వకూడదు.

మన సోదరుడు, అతని మిత్రుడు ఒక సాయంత్రం అక్కడికి వెళ్లారు. మిత్రుడిది హైదరాబాద్ లోని బార్కస్. పూర్వం నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్ లోని హజ్రమౌత్ నుండి వచ్చినవారి సంతతి ఉండే పేట అది. వారిలో చాలామంది షాఫయీ మస్లక్ వారు. మిత్రుడు గుల్లలు తింటాడు. మన సోదరుడు హనఫీ, తినడు. అయినా మిత్రుని కోరికపై తాను కూడా లైసెన్సు తీసుకున్నాడు. ఇద్దరూ ఇసుక మీదనే మగ్రిబ్ నమాజు చేసుకున్నారు. తర్వాత ఇతను లాంతరు పట్టుకుని నిలబడ్డాడు, అతను తవ్వాడు. తన సంచి నిండాక ఇతని సంచి కూడా నింపాడు. పగిలినవి రెండు మూడు వస్తే ఇసుకలోకి విసిరేసి మంచివి తవ్వుకున్నాడు.

తిరిగి వస్తుంటే అధికారి ఒకరు ఎదురై టార్చి వేసి చూశాడు. రెండు లైసెన్సులు, రెండు సంచులు, సంచికి 15. లెక్క సరిపోయింది. అధికారి చిరునవ్వు నవ్వి, “శుభరాత్రి” అని చెప్పి వెళ్లిపోయాడు.

సోదరుడు ఇలా రాశాడు: “హజ్రత్! ఆ నవ్వు నన్ను నిద్రపోనివ్వడం లేదు. నేను ఒక్కటి కూడా తవ్వలేదు, ఒక్కటి కూడా తినలేదు. నా పేరు మాత్రమే ఇచ్చాను. నా మీద పాపం ఉందా? నా మిత్రుణ్ణి అడిగితే, ‘సముద్రంలోది అల్లాహ్ హలాల్ చేశాడు, మధ్యలో వీళ్లెవరు?’ అంటున్నాడు.”

ముందుగా ఒక వివరణ

గుల్లలు తినడం గురించి చదువరులకు అయోమయం కలగకూడదు. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం నీటిలో బ్రతికే ప్రాణులలో చేప మాత్రమే హలాల్. గుల్లలు, పీతలు తినరాదు. రొయ్యల విషయంలో మాత్రం హనఫీ ఉలమాల మధ్యనే అభిప్రాయభేదం ఉంది. ఇమామ్ షాఫయీ (రహ్మ) మస్లక్ లో దీనికన్నా చాలా విశాలత ఉంది. కనుక మిత్రుడు తన మస్లక్ ప్రకారం గుల్లలు తినడాన్ని మనం తప్పుపట్టం. మా చర్చ ఏమి తిన్నారన్నదాని గురించి కాదు, ఎలా తెచ్చుకున్నారన్నదాని గురించి. చేపలకూ ఇదే వర్తిస్తుంది. అక్కడి వాగుల్లో, సరస్సుల్లో గాలం వేసేవారికి కూడా రోజుకు ఇన్ని, ఇంత పొడవున్నవే అనే హద్దులుంటాయి.

ఆ హద్దు వెనుక ఉన్న వివేకం

‘మొదటి 15’ అనే నియమం ఎందుకు పెట్టారో ఆలోచించండి. పార తగిలి పగిలిన గుల్లను తిరిగి ఇసుకలో పడేస్తే అది సాధారణంగా బ్రతకదు. పెద్దవి ఏరుకోవాలనే ఆశతో ఒక మనిషి చిన్నవాటిని, పగిలినవాటిని విసిరేస్తూ పోతే సంచిలో 15 ఉంటాయి, ఇసుకలో మరో పది చచ్చి ఉంటాయి. అధికారి సంచిలోవి లెక్కపెట్టగలడు. ఇసుకలో చచ్చినవి లెక్కపెట్టేది అల్లాహ్ ఒక్కడే.

అదే రాష్ట్రంలో ఆయిస్టర్లనే మరో రకం గుల్లలకు వేరే నియమం ఉంది. లోపలి మాంసాన్ని ఒడ్డునే ఒలుచుకుని చిప్పలను అక్కడే వదిలి రావాలి. ఎందుకంటే ఆయిస్టర్ పిల్లలు ఆ పాత చిప్పలకే అతుక్కుని పెరుగుతాయి. లోపలి తీరాల్లో కొన్ని రకాల గుల్లల కోసం తవ్విన గుంటలను తిరిగి పూడ్చి రావాలని కూడా నియమం. పూడ్చకపోతే పక్కన పడిన మట్టి కింద చిన్న గుల్లలు ఊపిరాడక చనిపోతాయి. ఈ నియమాలు రాసినవారు మన షరీఅత్ చదివినవారు కాకపోవచ్చు. కాని ఇస్రాఫ్ (దుబారా) ను ఆపడం, సాటి ప్రాణిని ఊరకే చంపకపోవడం, వెనుక వచ్చేవారి వాటాను కాపాడటం మన షరీఅత్ కు పరాయి విషయాలు కావు. మంచి మాట ఎక్కడ దొరికినా అది విశ్వాసి పోగొట్టుకున్న సొత్తే.

“సముద్రంలోది హలాలే కదా?”

నిజమే. అల్‌మాయిదా సూరా 96వ ఆయతులో అల్లాహ్ సముద్రపు వేటను మనకు ధర్మసమ్మతం చేశాడు. ఇహ్రామ్ స్థితిలో నేల మీద వేట నిషిద్ధమైనా సముద్రపు వేటకు అనుమతి ఉంది. ఇందులో సందేహం లేదు. కాని ఒక వస్తువు హలాల్ కావడం వేరు, దాన్ని చేజిక్కించుకునే పద్ధతి హలాల్ కావడం వేరు. ద్రాక్షపండు హలాలే. పక్కవాడి తోటలోని ద్రాక్షపండు?

“సముద్రం ఎవరి తోటా కాదు కదా?” అని మీరు అడగవచ్చు. అవును, అది అందరిదీ. నీరు, పచ్చిక, నిప్పు ప్రజలందరి ఉమ్మడి సొత్తు అనే భావం గల హదీసు మనకు తెలిసిందే. కాని ఉమ్మడి సొత్తు అంటే ఎవరికి చిక్కినంత వారిది అని అర్థం కాదు. అందులో ప్రతి ఒక్కరికీ హక్కుంది, కనుక ప్రతి ఒక్కరి చేతికీ హద్దుంది.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ప్రభుత్వం కాపాడే పచ్చిక బయళ్లు ఉండేవి. వీటిని ‘హిమా’ అంటారు. అలాంటి ఒక హిమాకు హునయ్ అనే వ్యక్తిని అధికారిగా నియమించి ఆయన చేసిన హితబోధ సహీహ్ బుఖారీలో ఉంది. కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి మేకలు ఉన్న పేదవాడిని లోపలికి రానివ్వమన్నారు. ఇబ్నె ఔఫ్, ఇబ్నె అఫ్ఫాన్ లాంటి సంపన్నుల మందల విషయంలో జాగ్రత్తగా ఉండమన్నారు. వారి మందలు నశిస్తే వారికి ఖర్జూర తోటలు, పొలాలు ఉన్నాయి, పేదవాడి మంద నశిస్తే అతను పిల్లలను వెంటబెట్టుకుని తన గుమ్మం ముందుకు వస్తాడన్నది ఆయన చెప్పిన కారణం. గమనించండి! అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి), ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ (రజి) స్వర్గ శుభవార్త పొందిన సహాబాలు. పచ్చిక హలాల్. అయినా ప్రజల మేలు కోసం దానికి హద్దు పెట్టారు. పాలకుడు ప్రజల ప్రయోజనం కోసం ముబాహ్ విషయానికి హద్దు పెట్టవచ్చునన్న ఫుఖహాల సూత్రానికి ఇది చక్కని ఉదాహరణ.

“అది ముస్లిం ప్రభుత్వం కాదు కదా?”

ఇది కూడా కొందరి నోట వినిపించే మాట. మేము మదరసాలో ‘హిదాయా’ చదివే రోజుల్లో, ముస్లిమేతరుల రాజ్యానికి అభయం పొంది వ్యాపారానికి వెళ్లే ముస్లిం గురించిన అధ్యాయం ఒకటి వచ్చేది. ఈ రోజుల్లో ఇది ఎవరికి ఉపయోగపడుతుందిలే అనుకునేవాళ్లం. ఈ సోదరుడి ప్రశ్న చదివాక అది గుర్తుకొచ్చింది. అలా వెళ్లిన ముస్లిం అక్కడివారి సొమ్ము జోలికి పోరాదు, పోతే అది నమ్మకద్రోహం, నమ్మకద్రోహం హరామ్ అని అందులో ఉంది. ద్రోహంతో ఏదైనా పట్టుకొస్తే దాన్ని సదఖా చేసేయమని ఆదేశించాలని కూడా ఉంది. యుద్ధం నడిచే రాజ్యం విషయంలోనే మన హనఫీ ఫుఖహా ఇంత గట్టిగా చెబితే, వీసా తీసుకుని, జీతం తీసుకుని, పిల్లలను బడిలో చేర్పించుకుని ప్రశాంతంగా బ్రతుకుతున్న దేశం విషయంలో ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి?

లైసెన్సు ఒక ఒడంబడిక. ‘మీ నియమాలకు కట్టుబడి తవ్వుకుంటాను’ అని మాట ఇచ్చి దాన్ని పుచ్చుకుంటాం. ఒడంబడికలను నెరవేర్చమన్నది అల్‌మాయిదా సూరా మొట్టమొదటి ఆయతులోని ఆదేశం. ఒప్పందం ఎదుటివాడి మతం చూసి మారదు.

ఒక ఊరు, ఒక పరీక్ష

సముద్రపు వేటలో హద్దుల గురించి మాట్లాడుతూ శనివారపు జనాన్ని (అస్‌హాబుస్సబ్త్) మరచిపోలేం. అల్‌ఆరాఫ్ సూరా 163వ ఆయతు నుండి వారి వృత్తాంతం వస్తుంది. సముద్రపు ఒడ్డున ఒక ఊరు. బనీ ఇస్రాయీల్ కు శనివారం వేట నిషిద్ధం. సరిగ్గా ఆ రోజే చేపలు నీటి పైకి గుంపులు గుంపులుగా వచ్చేవి, మిగతా రోజుల్లో రావు. అల్లాహ్ వారిని అలా పరీక్షించాడు.

వాళ్లు ఏం చేశారు? ముఫస్సిరులు చెప్పిన ప్రకారం నిషేధాన్ని బాహాటంగా కాదనలేదు. ఉపాయం పన్నారు. ఒడ్డున గుంటలు, కాలువలు తవ్వి శనివారం చేపలు అందులోకి వచ్చి చిక్కుకునేలా చేసి, ఆదివారం వెళ్లి పట్టుకున్నారు. రోజుల లెక్క చూస్తే తప్పు లేదు! శనివారం ఎవరూ వల ముట్టలేదు. ఆదివారం వేట హలాలే. కాని అల్లాహ్ దాన్ని అవిధేయతగానే పరిగణించాడు. వారిపై వచ్చిన శిక్ష మనకు తెలిసినదే.

మన సోదరుడి మిత్రుడు చేసిన పని దీనికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. రెండు సంచులు, రెండు లైసెన్సులు, సంచికి 15. లెక్క సరిపోయింది. నియమం ఒక చేతికి 15 అని చెబుతుంటే, అతను ఒక కాగితానికి 15 అని అర్థం మార్చుకున్నాడు.

ఈ ఉమ్మత్ కు కూడా వేటతోనే ఒక పరీక్ష వచ్చింది. అల్‌మాయిదా సూరా 94వ ఆయతు దాని గురించే. ముఫస్సిరులు దీన్ని హుదైబియా సందర్భంతో ముడిపెడతారు. సహాబాలు ఇహ్రామ్ లో ఉన్నారు. వేట జంతువులు చేతికి, బల్లేనికి అందేంత దగ్గరగా వచ్చేవి. తనను చూడకుండానే తనకు భయపడేవారెవరో వెల్లడి కావడానికి అల్లాహ్ ఈ పరీక్ష పెట్టాడు. సహాబాలు చేయి చాచలేదు. అక్కడ లైసెన్సు తనిఖీ చేసే అధికారి లేడు. ఆ ఊరివారికీ, సహాబాలకూ మధ్య తేడా ఆకలిలో లేదు, అవకాశంలో లేదు. తఖ్వాలో ఉంది.

ఇక ఆకలి సంగతి. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో 300 మంది సహాబాలు సముద్రతీరానికి వెళ్లినప్పుడు తిండి కరువై చెట్ల ఆకులు రాల్చుకుని తిన్నారు. అప్పుడు సముద్రం ఒక బ్రహ్మాండమైన చేపను ఒడ్డుకు చేర్చింది. రోజుల తరబడి దాన్ని తిన్నారు. ఆకలితో మాడుతున్నవారు కూడా దాన్ని తినవచ్చా లేదా అని ముందు ఆలోచించారు. మదీనాకు తిరిగి వచ్చాక దైవప్రవక్త (సల్లం) కు ఆ సంగతి విన్నవించారు. అది అల్లాహ్ పంపిన ఉపాధి అని ఆయన చెప్పి, మిగిలినదానిలో నుండి తెప్పించుకుని తాను కూడా తిన్నారు. ఆకలిగొన్న సైన్యమే అడిగి తెలుసుకుంటే, కడుపు నిండినవారు సరదా కోసం వెళ్లి అడగకుండా హద్దు దాటడం ఎంతవరకు సబబు?

“ఒకటి ఎక్కువైతే సముద్రం తరిగిపోతుందా?”

మనిషి ఒక్కడే ఉంటే తరగదు. కాని ఆ హద్దు ఒక్కడి కోసం పెట్టింది కాదు. పదివేల మంది వచ్చిన తీరంలో ప్రతి ఒక్కరూ ‘నా ఒక్కటే కదా’ అనుకుంటే పదివేలు అదనంగా పోతాయి. కాలిఫోర్నియాలో అబలోన్ అనే పెద్ద గుల్లలను సరదాగా తీసుకోవడానికి రోజుకు, ఏడాదికి పరిమితులు ఉండేవి. సముద్రం వేడెక్కి, దానికి ఆహారమైన సముద్రపు నాచు నాశనమై, చివరకు 2018లో ఆ వేటను పూర్తిగా మూసివేయవలసి వచ్చింది. హద్దులు పాటించినా కష్టకాలం రావచ్చునంటే, హద్దులే లేకపోతే ఏం మిగులుతుంది?

“పెద్ద పెద్ద ఓడలు టన్నులకు టన్నులు తోడేస్తుంటే మా ఒక్క గుల్లేనా కనిపించింది?” అనేవారూ ఉంటారు. ఒకరి బరువును మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ నియమం. అలాగే ఒకరి పాపం మరొకరికి అనుమతి పత్రం కాజాలదు.

మన తీరం సంగతి

ఇదంతా అమెరికాలో ఉన్నవారి గొడవ అనుకోకండి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రోజుల్లో దొంగచాటుగా పట్టిన చేపను తెలిసి తెలిసి బేరమాడి కొనేవారు, ఆ తప్పులో తమకు వాటా లేదని ఎలా అనగలరు? సెలవు రోజున వాగు దగ్గరికి సరదాగా వెళ్లి నీళ్లలో మందు కలిపో, పేలుడు పదార్థం విసిరో చేపలు పట్టేవారున్నారు. 1897 నాటి మత్స్య చట్టంలోనే దీనికి నిషేధం ఉంది. పది చేపల కోసం ఆ మడుగులోని పిల్లచేపలన్నిటినీ చంపడం ఏ మస్లక్ లో సమ్మతం?

సోదరునికి మా జవాబు

ప్రియ సోదరా! మీరు తవ్వలేదు, తినలేదు, నిజమే. కాని అల్‌మాయిదా సూరా రెండవ ఆయతులో అల్లాహ్ పుణ్యకార్యాల్లో సహకరించుకోమన్నాడు, పాపకార్యాల్లో సహకరించుకోవద్దన్నాడు. శనివారపు జనం ఊరిలో మూడు వర్గాలున్నాయి. హద్దు దాటినవారు, వారించినవారు, ‘వీరికి చెప్పి ఏం ప్రయోజనం’ అన్నవారు. వారించినవారు రక్షింపబడ్డారని ఖుర్ఆన్ స్పష్టం చేసింది. మూడో వర్గం ఏమైందన్న దానిపై ముఫస్సిరులలో భిన్నాభిప్రాయాలున్నాయి. మౌనంగా ఉన్నవారి సంగతే ఇంత భయపెట్టేదిగా ఉంది. మీరు మౌనంగా నిలబడినవారు కూడా కాదు. లాంతరు పట్టి నిలబడినవారు. మీ పేరు మీ దగ్గరున్న అమానత్. దాన్ని అబద్ధానికి అరువిచ్చారు. అధికారి ముందు మీ సంచి పలికిన అబద్ధం మీ నోరు పలికినట్టే.

ఆ రెండో సంచి గుల్లలు తిన్న మీ మిత్రుని కడుపులో హరామ్ చేరిందా అన్న ప్రశ్న వేరు. సముద్రపు వేట పట్టినవాడి సొంతమవుతుందన్నది ఫిఖ్‌హ్ లో అసలు సూత్రం. కనుక ఆ గుల్లలు దొంగసొత్తు లాంటివేనని మేము తొందరపడి తీర్పు చెప్పం. కాని మాట తప్పడం, మోసగించడం నిస్సందేహంగా పాపం. దాని నుండి తౌబా తప్పనిసరి.

తౌబాకు చేసినదానికి పశ్చాత్తాపపడాలి, ఆ పని మానాలి, మళ్లీ చేయనని గట్టిగా తీర్మానించుకోవాలి. తవ్వినవాటిని తిరిగి ఇసుకలో పెట్టలేరు. ‘హిదాయా’లోని మాటను దృష్టిలో ఉంచుకుని ఆ సంచి విలువకు తగినంత సదఖా చేయండి. ఇది మేము విధిగా చెప్పడం లేదు, మనసుకు మందుగా చెబుతున్నాం. మీ మిత్రునికి మృదువుగా నచ్చజెప్పండి. ఈసారి ఆయనతో వెళితే లాంతరు పట్టండి, కాని మీ లైసెన్సు తీసుకోకండి. ఆయన సంచిలో 15 నిండగానే దీపం తగ్గించి, “పద, ఇషా వేళ అవుతోంది” అనండి. స్నేహితునికి మీరు చేయగల మేలు అదే.

చివరగా ఒక మాట. ఆ అధికారి నవ్వు మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదన్నారు. దానికి అల్లాహ్ కు కృతజ్ఞతలు చెప్పుకోండి. లెక్క సరిపోయిందని హాయిగా నిద్రపోయే హృదయం గురించి మేము ఎక్కువ భయపడతాం. ప్రళయదినాన మన సంచులు మళ్లీ తెరవబడతాయి. అక్కడ ఎన్ని ఉన్నాయన్న ప్రశ్న ఒక్కటే ఉండదు, ఎవరి చేత్తో వచ్చాయన్న ప్రశ్న కూడా ఉంటుంది.

అల్లాహ్ మనకు హలాల్ ఉపాధిని, హలాల్ పద్ధతిలోనే ప్రసాదించుగాక! ఎవరూ చూడని చోట కూడా తన హద్దులను కాపాడే భాగ్యాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.